వినుట యను కాయకము



మన తెలుగులో ‘మాట వినుట’ అను పలుకుబడికి రెండర్థములు కలవు. చెవితో గ్రహించుట యొకటి, చెప్పినట్లు నడచుకొనుట మరియొకటి. తల్లి తన బిడ్డను చూచి “నా మాట వినవేమిరా?” అని అడిగినపుడు వానికి వినికిడి తక్కువ యని ఆమె భావము కాదు. “ఆ పిల్లవాడు మాట వినడు” అని మేము ఉపాధ్యాయులము చెప్పునపుడును అంతే. అక్కడ వినుట యనగా లోబడుట. నలుగురిపై పెత్తనము చేయువారి మనస్సులో ఈ రెండవ యర్థమే గట్టిగా నాటుకొనియుండుట నేను ముప్పదియేండ్లుగా చూచుచున్నాను. వారి లెక్కలో చెప్పుట పైవాని పని, వినుట క్రిందివాని పని. ఇది తలక్రిందులైన లెక్క యని చెప్పుటకే ఈ పాఠము.

సంస్కృతములో ‘శుశ్రూష’ యను మాట కలదు. శ్రు ధాతువునుండి పుట్టిన ఈ పదమునకు మొదటి యర్థము ‘వినవలెనను కోరిక’. తరువాత అది పరిచర్య, సేవ అను అర్థములలో రూఢమైనది. రోగికి శుశ్రూష చేయుచున్నామని నేడు మనము చెప్పునపుడు ఆ మాటలో వినుట యను భావము దాగియున్నదని ఎవరికిని తోచదు. ఎదుటివాని మాట వినగోరుటయే వానికి చేయు మొదటి సేవ యని పూర్వులు తలచిరో యేమో, పదము అట్లు సాగివచ్చినది. పనిలో పనిగా మరియొక మాట. ‘వినయము’నకును ‘వినుట’కును చుట్టరికము కలదని కొందరు సభలలో చెప్పుచుందురు. చెవికి సొంపుగా నున్నను అది నిజము కాదు. ఒకటి సంస్కృతము, రెండవది అచ్చతెనుగు.

మన కుటుంబములలో నేడు పదిమంది పనివారితో అంగడి నడుపువారు కలరు. కర్మాగారములలో సూపర్వైజర్లు, బ్యాంకులలో మేనేజర్లు, బడులలో ప్రధానోపాధ్యాయులు, మఠముల విద్యార్థి నిలయములను చూచుకొను పెద్దలు కలరు. ఈ పాఠము ముఖ్యముగా వారికొరకు. అధికారి వినకపోయినచో ఏమగునో చెప్పుటకు నీతికథలను వెదకనక్కరలేదు. దస్త్రములలో నిలిచియున్న ఒక సంఘటన చాలును.

1978వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీ సాయంకాలము. అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వారి 173వ సంఖ్య గల విమానము డెన్వర్ నగరమునుండి పోర్ట్‌లండ్ నగరమునకు వచ్చుచుండెను. ప్రయాణికులును సిబ్బందియు కలసి అందు 189 మంది యుండిరి. నేలకు దిగుటకై చక్రములను క్రిందికి దింపగా పెద్ద చప్పుడయ్యెను. చక్రము సరిగా బిగిసినదని తెలుపవలసిన దీపము వెలుగలేదు. కెప్టెన్ మిక్కిలి అనుభవము గలవాడు. చక్రము విరుగునేమో, నేలను తాకగానే విమానము ఒరుగునేమో యని తలపోసి, ప్రయాణికులను అన్నివిధముల సిద్ధపరచిన పిమ్మటనే దింపవలెనని నిశ్చయించెను. నగరమునకు సమీపముననే విమానము ఆకాశములో చుట్లు తిరుగసాగెను. తిరుగుచు తిరుగుచు దాదాపు గంటకాలము గడచెను.

విమానము నడుపు ఆ చిన్న గదిలో కెప్టెన్ కాక మరి యిద్దరు అధికారులు ఉండిరి. ఒకడు సహచోదకుడు, మరియొకడు ఇంజనీరు. ఇంధనము తరిగిపోవుచున్నదని ఇద్దరును ఎరుగుదురు. ఎరిగి ఊరకుండలేదు కూడ. ఇంక ఎంత యున్నదని ఒకడు అడిగెను. మరి పదునైదు నిమిషములు తిరిగినచో ఇంధనము చాల తగ్గిపోవునని మరియొకడు చెప్పెను. ఇట్టి మాటలు ఒకటి కాదు, పలుమార్లు వచ్చినవి. కాని అవి యన్నియు లెక్క అప్పగించుచున్నట్లు ఉండెనే కాని, ‘ఇప్పుడే దింపుడు, లేనిచో అందరము చత్తుము’ అన్నట్లు ఒక్కటియు లేదు. మాటలు కెప్టెన్ చెవిని పడినవి. అతని మనస్సు మాత్రము చక్రముమీదనే యుండెను. తుదకు ఇంజనులు ఒకదాని వెనుక నొకటి ఆగిపోయెను. విమానాశ్రయమునకు కొన్ని మైళ్ల దూరమున, చెట్లును ఇండ్లును గల తావున విమానము కూలెను. పదిమంది మరణించిరి. ఇంధనము తగ్గిపోవునని చెప్పిన ఆ ఇంజనీరు వారిలో నొకడు.

చక్రమును గురించి ఆలోచించుట తప్పు కాదు. ప్రయాణికుల క్షేమము కోరియే ఆయన ఆలస్యము చేసెను. దుర్మార్గుడైన అధికారి వినడని మనమందరము ఎరుగుదుము. మంచివాడు, పనిమంతుడు, బాధ్యత గలవాడు సయితము ఒక చింతలో మునిగినపుడు వినడు అనునది ఈ సంఘటనలో మనము గమనింపవలసిన సంగతి.

విచారణ జరిపిన జాతీయ రవాణా భద్రతా మండలి 1979లో తన నివేదికను వెలువరించెను. ఇంధన స్థితిని కెప్టెన్ గమనింపలేదనియు, సిబ్బంది సూచనలకు తగినట్లు స్పందింపలేదనియు అందు తేల్చెను. మిగిలిన యిద్దరును తమ ఆందోళనను అతనికి తెలియజేయుటలో సఫలులు కాలేదనియు చెప్పెను. కెప్టెన్లకు నలుగురిని కలుపుకొని నడచు పద్ధతిని, సిబ్బందికి నిస్సంకోచముగా చెప్పు పద్ధతిని నేర్పవలెనని సూచించెను. ఈ రెండింటిలో మొదటిదే ముఖ్యమని నా యభిప్రాయము. చెప్పువానికి ఎంత ధైర్యము నేర్పినను, వినువాని ముఖము చూడగానే ఆ ధైర్యము జారిపోవును. జీతము, సెలవు, బదిలీ ఎవరి చేతిలో నున్నవో వారికి ఎదురుగా నిలిచి గట్టిగా మాటలాడుట ఎవరికైనను కష్టము.

మన భాషలో ఈ కష్టము మరింత యెక్కువ. మర్యాద మన మాటను మెత్తబరచును. గుమాస్తా ‘ఈ బిల్లులో తప్పున్నది’ అని అనడు. “ఒకసారి చూస్తే బాగుంటుందేమో సార్” అనును. ఇంటికప్పు కూలుచున్నను “కొంచెం పెచ్చులూడుతున్నట్టుంది సార్” అనును. క్రిందినుండి మెట్లెక్కి వచ్చు మాట మెట్టు మెట్టునకు సన్నబడి, పైవాని గదిలోనికి చేరునప్పటికి నూలుపోగంత యగును. ‘ఏమో’ అను ఆ చివరి అక్షరములలోనే అసలు సంగతి యంతయు ఉండును. ఆ నూలుపోగును పట్టుకొని లాగవలసిన భారము పైవానిది. ‘ముందే గట్టిగా ఎందుకు చెప్పలేదు?’ అని తరువాత కసరుకొనుట సులభము. నేనును అట్లు కసరుకొనినవాడనే.

పరుల కథ చెప్పి నా కథ దాచుట న్యాయము కాదు. కొన్నియేండ్ల క్రిందట నేను పనిచేసిన ఒక ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుని స్థానము ఖాళీగా నుండుటచే కొన్ని నెలలు ఆ బాధ్యత నాపై పడెను. అరువదిమంది పిల్లలు. మధ్యాహ్న భోజనము వండు తల్లి ఒకనాటి ఉదయము స్టోరు గదినుండి వచ్చి నా బల్లయెదుట నిలిచెను. ఆమె చేతిలో గుప్పెడు బియ్యము. “సారూ, కొత్త బస్త బియ్యం ముక్క వాసనొస్తున్నయి. పిల్లలకు పెట్టొచ్చంటరా?” అని అడిగెను. నేను అప్పుడు ఫోనులో పిల్లల హాజరు నింపుచుంటిని. వేళకు పంపవలెను, సిగ్నలు వచ్చుచు పోవుచుండెను. తల యెత్తకయే “చూద్దాంలే అమ్మా” అంటిని. ఆమె కొంతసేపు నిలిచి వెడలిపోయెను.

ఈ ‘చూద్దాం’ అను మాటను మన కార్యాలయములలో దినమునకు ఎన్నిమార్లు వాడుదుమో! ‘నేను వినలేదు’ అని చెప్పుటకు ఇంతకంటె మర్యాదగల మాట మన భాషలో లేదు.

ఆనాడు పిల్లలు అన్నము బాగుగనే తినిరి. ఆ సంగతి నేను మరచిపోతిని. పది దినములు గడచిన పిమ్మట ఊరిలోని కిరాణా కొట్టు యజమాని నన్ను ఆపి, బడి బియ్యపు బాకీ ఎప్పుడు తీర్చెదరని అడిగెను. నాకు అర్థము కాలేదు. వంట చేయు తల్లిని పిలిచి అడిగితిని. తలకు నూరు గ్రాముల చొప్పున దినమునకు ఆరు కిలోలు, ఎనిమిది దినములు ఆమె కొట్టునుండి తన పేర అప్పుగా తెచ్చి వండెను. ముక్కిన బస్తా స్టోరు గది మూలన గోనెపట్టా కప్పుకొని యట్లే యున్నది. “నాతో ఎందుకు చెప్పలేదమ్మా?” అంటిని. “చెప్పిన గద సారూ. మీరు ఫోన్ల ఉంటిరి. పోరగాండ్లకు అసొంటి బియ్యం ఎట్ల పెడుదు?” అని ఆమె మెల్లగా అనెను. నిష్ఠురము లేదు, కోపము లేదు. నాకు తలయెత్తి ఆమెను చూచుటకు కష్టమయ్యెను. అప్పు నేను తీర్చితిని. బస్తా మార్పించుటకు నాకు ఒక ఫోను, ఒక పూట పట్టెను. పైవాడు ఒక పూటలో చక్కబెట్టగలిగిన పనికి, అతడు వినకపోవుటచే, అందరికంటె తక్కువ ఆదాయము గలది అప్పులపాలయ్యెను. పోర్ట్‌లండ్ నగరములో పదిమంది ప్రాణములు పోయినవి గనుక లోకమునకు తెలిసినది. ఇట్టి చిన్న సంగతులు ఎవరికిని తెలియవు. కిరాణా కొట్టువాడు అడుగకున్నచో నాకును తెలిసియుండదు.

మరల విమానముల యొద్దకు పోవుదము, ఏలయన ఆ కథకు రెండవ భాగము కలదు. ఆ ప్రమాదము తరువాత 1979లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వారు విమానచోదకుల నడుమ మాట మంతనములు ఎట్లుండవలెనను విషయమై ఒక సదస్సు జరిపిరి. 1981 నుండి అదే యునైటెడ్ సంస్థ తన చోదకులకు ఈ విద్యలో శిక్షణ నిచ్చుట మొదలుపెట్టెను. క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అను పేర ఈ శిక్షణ నేడు దేశదేశముల విమాన సంస్థలలో అమలులో నున్నది. కెప్టెన్ తుది నిర్ణయము చేయును, కాని దానికి ముందు గదిలోని అందరి కన్నులును అందరి చెవులును అతనివే కావలెను. ఇదియే దాని సారము.

1989 జులై 19న అదే సంస్థకు చెందిన 232వ సంఖ్య గల విమానము డెన్వర్ నుండి చికాగో పోవుచుండగా తోకభాగమునందలి ఇంజను పగిలిపోయెను. ఆ ముక్కలు తగిలి, రెక్కలను తోకను కదలించు మూడు హైడ్రాలిక్ వ్యవస్థలును ఒక్కసారిగా పనిచేయకపోయెను. అట్టి స్థితికి శిక్షణ పొందినవారెవరును లేరు. కెప్టెన్ ఆల్ హేన్స్ ‘నాకు తెలియును’ అని అనలేదు. ప్రయాణికులలో డెనిస్ ఫిచ్ అను ఆయన కలడు. ఆయన ఆ జాతి విమానములపై శిక్షణ నిచ్చు చోదకుడు. సాయము చేయుదునని ఆయన తెలుపగా హేన్స్ లోనికి రప్పించుకొనెను. మిగిలిన రెండు ఇంజనుల శక్తిని హెచ్చించుచు తగ్గించుచు విమానమును మలపు పనిని ఆయన చేతికి అప్పగించెను. నలుగురును ఒకరి మాట ఒకరు వినుచు నలుబది నాలుగు నిమిషములు విమానమును నిలబెట్టి సూ సిటీ అను ఊరి విమానాశ్రయమునకు చేర్చిరి. దిగునపుడు విమానము బ్రద్దలయ్యెను. 296 మందిలో 112 మంది మరణించిరి. కాని 184 మంది బ్రదికిరి. ఒక్కరైనను మిగులరని తలచిన చోట అంతమంది మిగిలిరి. కెప్టెన్ మాటయే వేదమనుకొను పాత పద్ధతిలో నైనచో ఇది సాధ్యమయ్యెడిది కాదని హేన్స్ తరువాత పలు సభలలో చెప్పియున్నాడు.

ఈ రెండు సంఘటనలకు నడుమ దాదాపు పదునొకండేండ్లు. సంస్థ ఒక్కటే. మారినది వినుటను గూర్చిన శిక్షణ.

ఇక వినుట ఎట్లు? ఇది కూడ నేర్చుకొనవలసిన విద్య యని మొదట కనుగొనినది విమానములవారు కాదు. చికాగో చెంతనున్న సిసెరోలో వెస్టర్న్ ఎలెక్ట్రిక్ సంస్థవారికి హాథార్న్ అను కర్మాగారము ఉండెడిది. టెలిఫోను పరికరములు అచ్చట తయారయ్యెడివి. వెలుతురు పెంచినచో పని పెరుగునా యని 1924లో అచ్చట పరీక్షలు మొదలైనవి. ఆ పరీక్షలు ఎటెటో పోయి, 1928లో పనివారినే అడిగి చూతమను ఆలోచన పుట్టెను. 1930 వరకు సుమారు ఇరువదియొక్క వేల మందితో ముఖాముఖి మాటలాడిరి.

మొదట వారు ప్రశ్నల పట్టిక చేతబట్టుకొని పోయిరి. మీ గది ఎట్లున్నది, మీ సూపర్వైజరు ఎట్టివాడు అని అడుగగా, పనివాడు ఆ ప్రశ్నకు పొడిగా జవాబు చెప్పి, తనకు ముఖ్యమైన మరియొక సంగతిలోనికి జారిపోవుచుండెను. అడుగువారు మరల పట్టికలోనికి లాగుచుండిరి. కొంతకాలమునకు వారికి జ్ఞానోదయమయ్యెను. జారిపోవుచున్న ఆ సంగతియే అసలు సంగతి కదా! 1929 నుండి పట్టిక మానివేసి, పనివాడు చెప్పదలచినది చెప్పనిచ్చిరి. వాదింపరాదు, సలహా చెప్పరాదు, మధ్యలో ఆపరాదు అను నియమము పెట్టుకొనిరి. అరగంటలో ముగియు సంభాషణ గంటన్నర సాగెను. ఒక పనివాడు కూలి రేట్లు చాలవని ఫిర్యాదు చేసెను. ఓపికతో వినగా, భార్య ఆసుపత్రిలో నున్నదనియు, వైద్యుని బిల్లుల బెంగ పట్టుకొన్నదనియు తెలిసెను. రేట్లను గూర్చి వాదించినచో ఆ సంగతి బయటికి వచ్చునా?

1957లో కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అను ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు చికాగో విశ్వవిద్యాలయమునుండి ఒక చిన్న పుస్తకము ప్రకటించి, ఈ విద్యకు ‘యాక్టివ్ లిజనింగ్’ అని పేరు పెట్టిరి. ‘క్రియాశీల శ్రవణము’ అని కొందరు అనువదింతురు కాని, నాకు ఆ మాట రుచింపదు. మనకు ‘చెవియొగ్గుట’ అను చక్కని మాట యుండగా వేరొకటి ఎందుకు? ఒగ్గుట యనగా చాచుట, పట్టుట. దోసిలి ఒగ్గినట్లు చెవిని ఒగ్గవలెను. చెవి దానంతట అది వినును, దానిని ఒగ్గుట మనము చేయవలసిన పని.

పూర్వము అవ్వ కథ చెప్పునపుడు మనము ‘ఊఁ’ కొట్టవలెను. ఊఁ కొట్టకున్నచో అవ్వ కథ ఆపివేయును. కాని అలవాటైన పిల్లలు నిద్రలో కూడ ఊఁ కొట్టుచుందురు. అవ్వకు అది తెలియును. అందుచే నడుమ నడుమ “ఇప్పుడు రాజు ఎక్కడున్నడు?” అని అడుగును. జవాబు వచ్చినచో మెలకువతో నున్నట్లు. అధికారులకు నేను చెప్పదలచిన విద్య ఆ అవ్వ ప్రశ్నలోనే యున్నది, కాని ఇక్కడ ఆ ప్రశ్న వినువాడు తనకు తానే వేసికొనవలెను. ఎదుటివాడు చెప్పినది ముగియగానే, “అంటే గోదాములో సరుకు తడుస్తున్నది, రేపటిలోపల పట్టా కావాలి, అంతేనా?” అని మన మాటలలో వానికి తిరిగి చెప్పవలెను. సరిగా విననిచో అప్పుడే బయటపడును. “కాదు సార్, పట్టా ఉన్నది, కప్పేటందుకు మనుషులు లేరు” అని వాడు సరిదిద్దును. ఆ దిద్దుబాటే మనకు కావలసినది.

ఇందు అతి కష్టమైనది మౌనము. ఎదుటివాడు ఆగినపుడు ఆ ఖాళీని మన మాటతో నింపవలెనను ఆత్రము కలుగును. ఉపాధ్యాయులకు ఈ రోగము మరింత. పిల్లవాడు ఆలోచించుచుండగనే మేమే జవాబు చెప్పివేయుదుము. ఆ ఆత్రము నణచుకొని నాలుగు ఊపిరులు ఆగి చూడుడు. సన్నబడిన మాట ఆ ఖాళీలోనే మరల లావగును. చేతిలోని ఫోను, బల్లమీది కాగితము ప్రక్కన పెట్టుట ఎట్లును ఉండనే యుండవలెను. దానిని గురించి వ్రాయుటకే నాకు సిగ్గుగా నున్నది.

మాట యెట్లు వచ్చినదో కూడ వినవలెను. “లెక్కలు పూర్తయినవి సార్” అని గుమాస్తా అనుట వేరు, “ఎట్లనో లెక్కలు పూర్తయినవి సార్” అని అనుట వేరు. రెండవదానిలో మూడు రాత్రుల జాగరణ కలదు. వెంటనే మరియొక దస్త్రమును అతని చేతిలో పెట్టువాడు చెవిటివాడు కాకపోయినను వినినవాడు కాదు.

వినుట యనగా ఒప్పుకొనుట కాదు. అడిగిన సెలవు ఇయ్యవీలుకాదు, కోరిన జీతము పెంచవీలుకాదు అని చెప్పవలసి వచ్చును. చెప్పుడు. కాని ఎందువలన వీలుకాదో చెప్పుడు, ఏ దినము చెప్పెదమంటిమో ఆ దినముననే చెప్పుడు. జవాబు లేని ‘చూద్దాం’ కంటె కారణముతో వచ్చిన ‘కాదు’ మేలు.

ఇచ్చట హాథార్న్ కథలోని రెండవ యధ్యాయము చెప్పకున్నచో పాఠము సగమే యగును. 1936లో ఆ సంస్థ వినుటకే ప్రత్యేకముగా కొందరిని నియమించెను. వారు పనివారి నడుమ తిరుగుచు కష్టసుఖములు వినుచుండిరి. కాని వినిన సంగతిపై చర్య తీసికొను అధికారము వారికి లేదు. నిర్ణయము చేయువారు వేరు, వినువారు వేరు. పనివారి అసంతృప్తిని మాటలలోనే ఆవిరి చేయుటకు ఇది యుపాయమని విమర్శలు వచ్చినవి. ఆ యేర్పాటు 1956లో ముగిసెను. ఆ విమర్శలో నిజము కలదని నేను తలతును. కష్టము చెప్పుకొనుటవలన మనస్సు తేలికయగుట నిజమే. మనస్సు తేలికయైనంత మాత్రమున ముక్కిన బియ్యము మంచి బియ్యము కాదు. నేడు మన సంస్థలలో గోడకు వ్రేలాడుచున్న సలహాల పెట్టెలను చూచినపుడు నాకు ఇదే గుర్తునకు వచ్చును. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో చాలచోట్ల ఎవరికిని తెలియదు. ఎవని చేతిలో అధికారము కలదో వాడే వినవలెను. ఈ పనికి ప్రతినిధి పనికిరాడు.

అధికారము గలవాడే వచ్చి కూర్చుండి వినుట మన సంప్రదాయమునకు కొత్త కాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో బిజ్జలుని భాండాగారమును చూచిన మంత్రి బసవేశ్వరుడు. ఆయన నెలకొల్పిన అనుభవ మంటపమున అధ్యక్ష పీఠము అల్లమప్రభువుది. బట్టలుతుకు మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, నార త్రాళ్లు పేను చందయ్య పలుకగా, రాజ్యపు ధనము లెక్కించు మంత్రి వారి నడుమ కూర్చుండి వినెను. ఈ సంగతి పాఠకులు ఎరిగినదే గనుక పెంచి వ్రాయను. నాకు మిక్కిలి ప్రియమైనది ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ. నేలరాలిన బియ్యము ఏరుట వారి కాయకము. ఒకనాడు మారయ్య నాటి యవసరమునకు మించి ఏరి తెచ్చెను. అంత బియ్యము మనకెందుకు, తిరిగి అచ్చటనే పోసిరమ్మని లక్కమ్మ చెప్పెను. ఆయన పోసివచ్చెను. ఈ కథ చెప్పువారు లక్కమ్మ నిస్పృహనే పొగడుదురు. అది తగును. కాని మారయ్యనుకూడ ఒకమారు తలచుకొనవలెను. బియ్యము తెచ్చినవాడు, ఇంటి యజమాని, అందులోను చేసిన పనికి మెప్పు కోరి యింటికి వచ్చియుండును. తప్పని చెప్పిన మాటను విని, తట్టను మరల నెత్తికెత్తుకొని వెనుకకు నడచెను.

బియ్యపు బస్తా సంగతి జరిగిన తరువాత నేను ఉదయము హాజరు నింపువేళ ఎవరైనను వచ్చినచో ఫోనును బల్లసొరుగులో పెట్టుట అలవాటు చేసికొంటిని. మొదటి వారము వంట చేయు తల్లి వచ్చి, కట్టెలు తడిసినవని చెప్పెను. ఎండిన కట్టెలు ఎవరియొద్ద దొరకునో అడిగి, తెప్పించెదనంటిని. ఆమె సరే యనెను, కాని కదలలేదు. చీరకొంగు వ్రేలికి చుట్టుకొనుచు నిలిచెను. పూర్వమైనచో ‘ఇంకేమి?’ అని యుందును. ఆనాడు ఊరకుంటిని.

“ఏం లేదు సారూ” అనెను. నేను ఇంకను ఊరకుంటిని.

“మా పెద్దబిడ్డను చదువు మాన్పిస్తమంటున్నడు వాళ్ల నాయిన” అనెను.

కుర్చీ చూపించి కూర్చుండుమంటిని. ఆనాటి హాజరు ఆలస్యముగా వెళ్లెను.